శిక్ష వేసే ముందు అడిగే ప్రశ్న

శ్రోతలకు నమస్కారం.

సెషన్స్ కోర్టులో నేరం రుజువైందని చెప్పాక జడ్జిగారు ముద్దాయిని ఒక మాట అడుగుతారు. "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా?" చాలాసార్లు వచ్చే జవాబు ఇది: "ముసలి తల్లి ఉంది, పిల్లలు చిన్నవాళ్లు, దయ చూపండయ్యా." ఆ రెండు ముక్కలే రికార్డుకెక్కుతాయి. ఒక్కోసారి ఆ రోజే శిక్ష కూడా పడిపోతుంది.

ఆ ప్రశ్నను మొక్కుబడికి పెట్టలేదు. నేరంతో పాటు మనిషినీ చూడాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (నేర విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం, 2024 దాకా అమల్లో ఉంది) 235వ సెక్షన్‌లో చేర్చారు. ఆ కోడ్ అమల్లోకి రాకముందే, 1974 ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఆ పని చేసి చూపించింది. ముద్దాయి ఇరవై నాలుగేళ్ల ఆడమనిషి. ఒక స్త్రీనీ, ఆమె బిడ్డనూ చంపిందని రుజువై ఉరిశిక్ష పడింది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆమె బతుకు కూడా చూశారు. మామ కొట్టి వెళ్లగొడితే కొడుకుతో పుట్టింట్లో తలదాచుకుంది. రెండేళ్లకు పైగా ఉరి భయంతో జైల్లో గడిపింది. ఉరిని యావజ్జీవంగా మార్చారు. నేరం చిన్నదని మాత్రం ఆయన అనలేదు.

1980లో ఉరిశిక్షపై సుప్రీంకోర్టు ఇచ్చిన బచ్చన్ సింగ్ తీర్పు వయసు, మానసిక స్థితి, మారే అవకాశం చూడమంది. చూడాలంటే ఎవరో ఒకరు ఆ వివరాలు తెచ్చిపెట్టాలి కదా! డబ్బున్నవాడి లాయరు డాక్టర్ల సర్టిఫికెట్లతో సహా ఫైలు తయారు చేసుకుని వస్తాడు. కూలివాడి ఊరికి వెళ్లి, అతను చదివిన బడిలో, చూపించుకున్న ఆసుపత్రిలో ఆరా తీసేదెవరు? ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఉరిశిక్ష పడిన ఖైదీల్లో దాదాపు ముప్పావు వంతు ఆర్థికంగా బలహీనులే. పేదరికాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చని కోర్టులు చెప్పినా, ఆ పేదరికం వల్లే అతని కథ కోర్టుదాకా రావడం లేదు. నన్ను బాగా బాధపెట్టేది ఇదే.

చనిపోయినవారి ఇంటివాళ్లకు ఈ మాటలు కష్టంగా తోస్తాయి, ఆ బాధ న్యాయమైనదే. అయినా ఉరి వేసే ముందు పూర్తిగా తెలుసుకోవాల్సిందే. ఉరికి అవకాశమున్న కేసుల్లో కుటుంబ నేపథ్యం, చదువు, మానసిక ఆరోగ్యం గురించి వివరాలు విచారణ కోర్టు దశలోనే సేకరించాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

మీకు తెలిసినవాళ్లెవరైనా ఈ పరిస్థితిలో ఉంటే బడి సర్టిఫికెట్లు, ఆసుపత్రి చీటీలు ముందే లాయరుకు ఇవ్వండి. శిక్షపై వాదనకు గడువు అడగవచ్చు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.