వృత్తి: గృహిణి

శ్రోతలందరికీ నమస్కారం.

పోయిన ఏడాది మా అమ్మ చనిపోయింది. ఆ కాగితాల పని మీద ఒక ఆఫీసుకు వెళ్తే, ఫారం నింపుతున్న అబ్బాయి 'వృత్తి' అన్నచోట తల ఎత్తకుండానే 'గృహిణి' అని రాసేశాడు. నేనూ ఏమీ అనలేదు. బస్సెక్కి కూర్చున్నాక మాత్రం మనసు ఒక పట్టాన కుదురుకోలేదు. ఆ రోజు అతనికి చెప్పకుండా మింగేసిన మాటలు ఇవాళ మీకు చెబుతాను.

మాది పోచంపల్లి పక్కన ఒక చిన్న ఊరు. 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా అంటున్నారు గానీ, మా నోటికి ఇప్పటికీ నల్లగొండే. అమ్మ పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. "వినోబా వచ్చిన ఏడు నాకు నడకొచ్చిందట" అనేది. అంటే వినోబా భావే పోచంపల్లిలో భూదానం మొదలుపెట్టిన 1951 అన్నమాట.

మా ఇంట్లో మగ్గం మీద కూర్చునేది నాన్న. అమ్మ ఆసు పోసేది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, ఆసు అంటే పేక నూలును, అంటే మగ్గంలో అడ్డంగా పోయే దారాన్ని, డిజైనుకు సిద్ధం చేసే పని. అర్ధచంద్రాకారంలో మేకులున్న చెక్క ముందు కూర్చుని, ఒక్కో మేకు చుట్టూ దారం తిప్పుతూ చెయ్యి అటూ ఇటూ ఆడిస్తూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు. నాలుగైదు గంటల పని. రెండు చీరలకు పోసిన రోజు అమ్మకు రాత్రి అన్నం ముద్ద నోటిదాకా ఎత్తడం కష్టమయ్యేది. అయినా ఎవరైనా అడిగితే "నేనేం జేస్త బిడ్డా, మీ నాయినకు చేతి సాయం" అనేది.

ఆసు అయ్యాక చిటికి కట్టాలి. సైకిల్ ట్యూబును సన్నగా కోసి, ఆ రబ్బరుతో నూలును అక్కడక్కడ బిగించి కడతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఎక్కడ కట్టాలో గ్రాఫు కాగితం మీద ఉంటుంది. అమ్మకు అక్షరాలు రావు, ఆ గళ్లు మాత్రం కంఠతా వచ్చు. వచ్చాక ఊరుకుంటుందా? ఒకసారి చిలుకల డిజైను వచ్చింది. చిలుకలన్నీ ముందుకే చూస్తున్నాయి. అమ్మ నాలుగు కట్లు అటు జరిపి చిలుక తల వెనక్కి తిప్పింది. ఒక్కచోట తిప్పితే చీర పొడుగునా చిలుకలన్నీ తిరుగుతాయి. నాన్న నేస్తూ నేస్తూ మధ్యలో చూసుకుని తల పట్టుకున్నాడు. పని ఇచ్చిన సేటు కూలిలో కోత పెట్టాడు. రెండు నెలలు తిరిగేసరికి అదే సేటు మనిషిని పంపించాడు, ఆ వెనక్కి చూసే చిలుకలే మళ్లీ కావాలని. కోసిన కూలి మాత్రం ఇవ్వలేదు లెండి.

ఆలేరు వైపు శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు తన తల్లి లక్ష్మి గారి చేతుల నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేసిన సంగతి మీలో చాలామందికి తెలుసు. 1999లో అది పూర్తయింది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ మిషను మా ఇంటికి వచ్చేసరికి చాలా ఏళ్లు పట్టింది. తిరగడం మొదలుపెట్టిన రోజు అమ్మ దాని ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. మిషను దారం తిప్పుతుంటే ఒళ్లో ఉన్న ఆమె కుడిచెయ్యి కూడా చిన్నగా కదులుతోంది. మేం నవ్వాం. ఆమె చెయ్యి కొంగులో దాచుకుంది. ఆ రోజు అలా నవ్వకుండా ఉండాల్సింది.

చేతికి తీరిక దొరికాక అమ్మ మనవళ్లు, మనవరాళ్ల మీద పడింది. బతుకమ్మ పండుగకు తంగేడు, బంతి పూలు ఎవరైనా తెస్తారు. గునుగు పూలకు రంగు అద్దడం మాత్రం అమ్మ ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. బజారు రంగు కాదు, అద్దకం గాబులో అడుగున మిగిలిన మగ్గం రంగు. గునుగు కట్టకు మధ్యలో రబ్బరు చుట్టి ముంచేది. విప్పితే ఒకే పువ్వుకు తెలుపు, ఎరుపు రెండూ ఉండేవి. పూలకు కూడా చిటికి కట్టిన మనిషిని నేను మరెక్కడా చూడలేదు. వాడకట్టు ఆడవాళ్లంతా మా బతుకమ్మ చుట్టూ మూగేవాళ్లు. పిల్లల వేళ్లకు పట్టిన ఎరుపు పది రోజులైనా పోయేది కాదు, బడిలో తిట్లు తినేవాళ్లు.

అమ్మ చివరగా కట్టిన చిటికి ఇంకా దూలానికి వేలాడుతూనే ఉంది. కట్టడం అయింది, రంగులోకి దిగలేదు. మా అన్న కట్లు లెక్కపెట్టి, ఒక వరుసలో రెండు ఎక్కువ పడ్డాయన్నాడు. "ఆఖర్ల అమ్మకు చూపు ఆనలేదు" అన్నాడు. మా అమ్మాయి ఒప్పుకోదు. "అమ్మమ్మ మళ్లేదో తిప్పింది మామా, నువ్వు నేసి చూడు" అంటుంది.

దసరాలోపు నేస్తానని అన్న మాటిచ్చాడు. రంగు ఇంకా తేలేదు. ఏ రంగో పిల్లే చెప్పాలట.

నమస్కారం.