మాట పడిపోలేదు, బాండు పోయింది

(బల్ల మీద ఇత్తడి చెంబు, పక్కన ఓ గుప్పెడు ఎండుమిరపకాయలు.)

నమస్తే అండీ. మొన్న బ్రాడీపేటలో ఓ గృహప్రవేశానికి వెళ్లాను. పక్షవాతం వచ్చిన పెద్దాయన్ని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆయన చెవి దగ్గరికి వంగి, "మావయ్యగారూ! నేనెవరో! గుర్తు! పట్టారా!" అని ఒకటే అరుపులు. ఆయనకి చెవుడు లేదు. గుర్తూ పట్టాడు, కళ్లలో తెలుస్తూనే ఉంది. జవాబు రాకపోయేసరికి ఆయన ముందే భార్యని అడుగుతారు, "ఏమీ తెలియట్లేదా పాపం?" అని.

స్పీచ్ థెరపిస్టుగా పదకొండేళ్లుగా ఈ అరుపులు వింటున్నాను. ఇవాళ కడుపులో ఉన్నది కక్కేస్తాను.

పక్షవాతం అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. అది వచ్చినవాళ్లలో సుమారు మూడోవంతు మందికి భాష దెబ్బతింటుంది. దాన్ని అఫేసియా అంటారు. మనమేమో అన్నిటికీ కలిపి "మాట పడిపోయింది" అనేస్తాం. ఆ మాట మీదే నా కోపమంతా.

మనది గుంటూరు కాబట్టి మిర్చి లెక్కలో చెబుతాను. సీజన్లో రేటు నచ్చకపోతే రైతు ఏం చేస్తాడు? టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తీసుకెళ్లి కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. వాళ్లు బాండు రాసిస్తారు. రేటు వచ్చాక బాండు చూపిస్తే ముఠావాళ్లు, అదే హమాలీలు, లోపలికెళ్లి ఆ టిక్కీలే తెచ్చి గేటు దగ్గర దించుతారు. ఇప్పుడా బాండు పోయిందనుకోండి. సరుకు కుళ్లిపోయిందా? లేదు. రైతుకి మతి పోయిందా? లేదు. తన సరుకు తేజా రకమని తెలుసు, ఎన్ని టిక్కీలో తెలుసు. గేటు బయటికి రప్పించుకోలేకపోతున్నాడు, అంతే.

అఫేసియా అంటే అదీ. మనలో చాలామందికి భాష వ్యవహారమంతా మెదడు ఎడమవైపు నడుస్తుంది. కుడి చెయ్యినీ కాలునీ కదిలించేదీ ఆ వైపే. అటు దెబ్బ తగిలితే కుడి చెయ్యీ కాలూ పడిపోవడం, మాట ఆగిపోవడం ఒక్కసారే జరిగేది అందుకే.

ఇప్పుడు ఈ చెంబు చూడండి. (చెంబు పైకెత్తి) ఇదేంటండీ అని ఒకాయన్ని అడిగితే "గ్లాసు" అంటాడు. తేజా తెమ్మంటే పక్క వరసలో ఉన్న 334 రకం తెచ్చారన్నమాట. ఇంకొకాయన "బెంచు" అంటాడు. ఇంట్లోవాళ్లు బిక్కమొహం వేస్తారు. చెంబుని తిరగేసి పలకండి, మీకే తెలుస్తుంది. తెచ్చింది సరైన టిక్కీయే, మోసుకొచ్చేటప్పుడు కుట్టూడి కాయలు తారుమారయ్యాయి. ఈ రెంటికీ చేయించే సాధన వేరు. తప్పు చెప్పాడని నవ్వేబదులు ఏ తప్పు చెప్పాడో రాసి పెట్టుకొస్తే నాకు సగం పని అయిపోతుంది.

మా బాబాయి కథ చెప్పాలి. మిర్చి యార్డులో ముప్పయ్యేళ్లు గుమాస్తా. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన వారం, పిన్ని ఇడ్లీ పెట్టింది. ఆయన పళ్లెం వంక చూసి "చొక్కా" అన్నాడు. తెచ్చింది. తల అడ్డంగా ఊపాడు. "చొక్కా! చొక్కా!" ఇంకోటి తెచ్చింది. మూడోది తెచ్చేసరికి పళ్లెం తోసేశాడు. పిన్ని వంటింట్లోకెళ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయనకి కావలసింది చట్నీ. 'చ' దాకా సరిగ్గానే వెళ్లాడు, అక్కడ టిక్కీ మారిపోయింది. పళ్లెం వంక చూస్తే మనకే అర్థమయ్యేది. మాట విన్నామే తప్ప ఆయన చూపు ఎటుందో ఎవరం చూడలేదు. నేను కూడా అక్కడే ఉన్నాను, చదువుకున్న చదువు ఏమైందో!

"మాట రాకపోతే పోనీ, కాగితం మీద రాయమనండి" అంటారు. అబ్బే! నోరు ఒక గేటు, చెయ్యి ఇంకో గేటు. లోపల గది ఒక్కటే. ఆ బాండుతోనే కదండీ రెండు గేట్లకీ సరుకు రావాలి.

లోపలికి వెళ్లే సరుకుకీ ఇబ్బంది ఉండొచ్చు, అంటే మనం చెప్పింది అర్థం చేసుకోవడం కూడా. అరిచినంత మాత్రాన లోపలికి వెళ్లదు. చిన్న వాక్యం, ఒకసారికి ఒకే సంగతి. టీవీ కట్టెయ్యండి.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు దగ్గరికి ఒక రోగి వచ్చాడు. ఏం అడిగినా "టాన్, టాన్" తప్ప మాట లేదు. చెప్పింది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. చనిపోయాక చూస్తే ఎడమ మెదడు ముందు భాగం దెబ్బతిని ఉంది. 1874లో వెర్నికే దీనికి తిరగబడ్డ రకం గురించి రాశాడు. వాళ్లు గలగలా మాట్లాడతారు, అందులో అర్థం ఉండదు. ముఠావాళ్లు బాండు చూడకుండా ఎవరివో టిక్కీలు వరసగా తెచ్చి పడేస్తున్నట్టు. పైగా, తప్పు సరుకు వస్తోందని చాలాసార్లు ఆ మనిషికే తెలియదు. ఊళ్లోవాళ్లు పిచ్చి అనుకునేది వీళ్లనే. ఇది పిచ్చి కాదండీ బాబూ.

ఒకటి, రెండు, మూడు, ఆది, సోమ, మంగళ, గోవిందనామాలు, బూతులు. ఇవి ఆలోచించకుండా అలవాటుగా నోటికొచ్చేసే మాటలు. పాటలూ అంతే. ఇవి గోడౌన్లోకి పోవు, వరండాలోనే పడి ఉంటాయి. బాండు అక్కర్లేదు. మా బాబాయి జన్మలో బూతాడని మనిషి. చూడ్డానికొచ్చిన పూజారిగారికి నమస్కారం పెట్టబోయి ఒకటి వదిలాడు. పిన్ని మొహం చూడాలి! "పాట పాడుతున్నాడు కదా, మాట ఎందుకు రాదు, బద్ధకం" అంటారే, దానికి జవాబు ఇదే. 1973 నుంచి పాట బాణీలో మాట పలికించే ఒక థెరపీ ఉంది. కానీ అందులో పాడించేది సినిమా పాట కాదు. "మంచినీళ్లు కావాలి" లాంటి అవసరమైన మాటని రాగంలో, ఎడమచేత్తో తాళం వేయిస్తూ, మెల్లగా రాగం తీసేస్తూ పోతారు.

ఇప్పుడొక పని చేద్దాం. నేను పది సెకన్లు మాట్లాడను.

(పది సెకన్లు. చెంబు వంక చూస్తూ.)

ఎంత ఇబ్బందిగా ఉంది? ఈలోపు మీరు నాలుగు మాటలు అందించేసేవాళ్లు. ఆయనకి ఆ పది సెకన్లు కావాలి, ఒక్కోసారి ఇరవై కావాలి. అప్పటికీ రాకపోతే చుట్టుపక్కల వరసలు చూపించండి. దేంతో చేస్తారు? ఇత్తడి. అందులో ఏం పోస్తాం? నీళ్లు. అప్పటికీ రాకపోతే, ఆఖరికి, "చెం..." అని అందించండి. ముందే అందిస్తే ఆయన గోడౌన్లోకి వెళ్లడమే మానేస్తాడు.

ఒక చోట బాబాయికి చూపించిన బొమ్మల అట్టలు చూసి నాకు తల తిరిగింది. మంచు మనిషి, ఇగ్లూ! గుంటూరు గుమాస్తాకి ఇగ్లూ! కాటా, టిక్కీ, కండువా, కిళ్లీ చూపించండయ్యా.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెబుతాను. మాట ముద్దముద్దగా వస్తూ, రాత సరిగ్గా ఉంటే అది అఫేసియా కాదు, డిసార్త్రియా, అంటే నోటి కండరాలు సరిగ్గా కదలకపోవడం. సరుకు సరైనదే, లారీ టైరు పంక్చరు. బండి మీంచి పడి తలకి దెబ్బ తగిలిన కుర్రాళ్లది ఇంకో కథ. మాటలన్నీ వస్తాయి, కానీ చెప్పిందే చెబుతారు, విషయం దారి తప్పుతుంది, ఎదుటివాడి వేళాకోళం అందదు. టిక్కీలూ ఉన్నాయి, ముఠావాళ్లూ ఉన్నారు, ఏ లారీకి ఏది ఎక్కించాలో చెప్పే గుమాస్తా లేడు. దీనికీ థెరపీ ఉంది, పొగరనుకుని వదిలెయ్యకండి. నీళ్లు తాగుతుంటే దగ్గొస్తోందా? అది మింగడంలో ఇబ్బంది కావచ్చు, ఆలస్యం చెయ్యకుండా చూపించండి, అదీ మా పనే. నాలుక మీద వస రుద్దకండి, సరుకు ఉన్నది నాలుకలో కాదు. మొదటి నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, నిజమే. ఆరు నెలలు దాటితే ఇక రాదన్నది మాత్రం అబద్ధం, ఏళ్ల తర్వాత కూడా మెరుగైనవాళ్లు ఉన్నారు. థెరపిస్టుకి ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, మొహమాటం వద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో మాట, భాషా వైకల్యం ఒకటి, అందులో అఫేసియా పేరు స్పష్టంగా ఉంది. శాశ్వతంగా మిగిలిపోతే సదరం సర్టిఫికెట్‌కి వెళ్లండి.

ఇంకొక్కటి. "అవును", "కాదు" నమ్మకండి. ఒక్కోసారి కాదనుకుంటూనే అవునంటారు. రెండు వస్తువులు చూపించి వేలు పెట్టమనండి. టొరంటోలో ఆరా కేగన్ అనే ఆవిడ 1990ల్లో ఇలాంటి సంభాషణ పద్ధతినే తయారుచేశారు. అందులో ముందుగా చెప్పించే మాట: "మీకు తెలుసని నాకు తెలుసు."

మా పిన్ని ఏ ట్రైనింగూ తీసుకోలేదు. బాబాయి ఇప్పటికీ ఇడ్లీ ముందు కూర్చుని "చొక్కా" అంటాడు. ఆవిడ రెండు గిన్నెలు ఎదురుగా పెట్టి అడుగుతుంది, "కొబ్బరి చొక్కానా, పల్లీ చొక్కానా?"

ఆయన నవ్వి, పల్లీ గిన్నె మీద వేలు పెడతాడు.