జాంగోలో ఆ ఒక్క చుక్క వెనక ఎన్ని క్వెరీలు?

హలో అండీ. జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ఫారిన్ కీ, అంటే ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి లింకు, పెట్టడం అందరికీ వచ్చు, పెట్టాక దాన్ని వాడే దగ్గరే తేడా కొడుతుంది. ఈరోజు అదే చూద్దాం.

[స్క్రీన్ మీద: బిల్లు, కస్టమర్ టేబుళ్లు]

కిరాణా కొట్టు యాప్ ఒకటి రాస్తున్నాం అనుకోండి. బిల్లు మోడల్‌లో (టేబుల్‌కి పైథాన్‌లో రాసే క్లాస్) కస్టమర్ అని ఫారిన్ కీ ఉంది. డేటాబేస్‌లో మాత్రం ఉండేది కస్టమర్_ఐడీ అనే కాలమ్, అందులో ఒక నంబర్, అంతే. మరి చుక్క పెట్టి బిల్లు.కస్టమర్.పేరు అని రాస్తే ఆ పేరు ఎక్కణ్ణుంచి వస్తోంది? అప్పటికప్పుడు జాంగో డేటాబేస్‌కి ఇంకో క్వెరీ, అంటే డేటా కోసం ఇంకో అడుగు, కొట్టి తెచ్చిస్తుంది, మనకు తెలియనే తెలియదు.

ఇప్పుడు వంద బిల్లుల్ని లూప్‌లో తిప్పి పేర్లు చూపించండి. బిల్లులకి ఒకటి, పేర్లకి వంద, మొత్తం 101 క్వెరీలు. ఆ వంద బిల్లులూ ఒకే కస్టమర్‌వి అయినా సరే 101 పడతాయి, ఎందుకంటే ఏ బిల్లు ఆబ్జెక్ట్ అయినా తన కస్టమర్‌ని తన దగ్గరే దాచుకుంటుంది, పక్క బిల్లుకి ఇవ్వదు. మన ల్యాప్‌టాప్‌లో పది బిల్లులే ఉంటాయి కాబట్టి ఏమీ కనబడదు, లైవ్‌లోకి వెళ్లాక పేజీ నత్తనడక నడుస్తుంటే సర్వర్ పెంచాలేమో అని టెన్షన్ పడతాం.

దీనికి సెలెక్ట్_రిలేటెడ్ చాలు. రెండు టేబుళ్లనీ కలిపే జాయిన్ వేసి ఒకే క్వెరీలో రెండూ తెస్తుంది. అసలు మీకు ఐడీ ఒక్కటే కావాలంటే అది కూడా అక్కర్లేదు, బిల్లు.కస్టమర్_ఐడీ అని రాయండి, అది బిల్లుతోపాటే వచ్చేసింది.

అదే కస్టమర్ వైపు నుంచి వాళ్ల బిల్లులన్నీ కావాలంటే ప్రీఫెచ్_రిలేటెడ్. ఇది రెండు క్వెరీలు వేసి, ఎవరి బిల్లులు వాళ్లకి పైథాన్‌లోనే జత చేస్తుంది. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు: ప్రీఫెచ్ చేశాక లూప్‌లో మళ్లీ ఫిల్టర్ పెడితే తెచ్చిందంతా వృథా, ప్రతి కస్టమర్‌కీ కొత్త క్వెరీ వెళ్తుంది. ఆ ఫిల్టర్‌ని ముందే ప్రీఫెచ్ ఆబ్జెక్ట్‌లో పెట్టి పంపండి.

[స్క్రీన్ మీద: ఆన్_డిలీట్]

కస్టమర్‌ని తీసేస్తే ఆయన బిల్లుల్ని ఏం చేయాలో ఫారిన్ కీలో చెప్పేది ఆన్_డిలీట్. ఇది జాంగో 2.0 నుంచి తప్పనిసరి. తప్పనిసరి కదా అని ఆలోచించకుండా కాస్కేడ్ అని రాసేస్తుంటారు, దయచేసి అలా చేయకండి. ఒక కస్టమర్‌ని తీసేస్తే ఆయన బిల్లులన్నీ పోతాయి, ఏడాది లెక్క తప్పుతుంది. డబ్బు లెక్కలున్న చోట ప్రొటెక్ట్ పెట్టండి, బిల్లులున్న కస్టమర్‌ని తీసేయబోతే ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది.

చివరిగా, మీ టెస్టుల్లో ఎన్ని క్వెరీలు పడ్డాయో లెక్క చూసే అసర్ట్‌నమ్‌క్వెరీస్ పెట్టి బిల్లుల పేజీకి ఒక సంఖ్య రాసిపెట్టుకోండి. రేపు ఎవరైనా ఆ లూప్‌లో ఇంకో చుక్క పెడితే అదే రోజు టెస్ట్ ఫెయిలవుతుంది.