లెవెల్ చూడాలా, ఇష్టం చూడాలా? తరగతిలో పుస్తకం ఎంపిక

[తెర మీద: అట్ట మూలన రంగు స్టిక్కర్ అంటించిన పుస్తకం]

నమస్తే. ఓ పిల్లవాడు డైనోసార్ల పుస్తకం పట్టుకొచ్చి "టీచర్, ఇది చదువుతాను" అంటాడు. పుస్తకం ఎంత కష్టమో, అంటే దాని లెవెల్ ఏంటో చెప్పే స్టిక్కర్ చూస్తే, అది వాడు చదవగలిగే లెవెల్ కంటే రెండు మెట్లు పైనుంది. ఇవ్వాలా, వద్దనాలా? నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఇవ్వండి. కానీ ఇచ్చేసి వాడి మానాన వాణ్ణి వదిలేయకండి.

అసలు ఈ లెవెల్ ఎలా కడతారు? ఇంగ్లీషు పుస్తకాలకు రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో ఇచ్చిన సూత్రం వాక్యం పొడవునీ మాట పొడవునీ లెక్కిస్తుంది. లెక్సైల్ అనే మరో కొలత అయితే వాక్యం పొడవుతో పాటు ఒక్కో మాట వాడుకలో ఎంత తరచుగా కనిపిస్తుందో చూస్తుంది. అర్థం జోలికి రెండూ పోవు. ఇది చదవండి.

[తెర మీద: "ఆయన వచ్చాడు. ఏమీ అనలేదు. తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు."]

కష్టమైన మాట ఒక్కటీ లేదు. అయినా ఆ మనిషి ఇక తిరిగి రాడేమోనని ఊహించడానికి చాలామంది పిల్లలకు పెద్దల తోడు కావాలి.

ఇష్టం మాటకొస్తే, నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటుంది. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే పరిశోధకులు బేస్‌బాల్ ఆట గురించిన కథనాన్ని పిల్లలతో చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని వాళ్ల కంటే మెరుగ్గా అర్థం చేసుకున్నారు. ఇష్టమున్న విషయం గురించి పిల్లలకు ముందే ఎంతో తెలిసి ఉంటుంది, ఆ తెలిసిందే పేజీలో దారి చూపిస్తుంది.

అలాగని ఇష్టం ఉంటే చాలనుకోకండి. అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లవాడికి ఎంత ఆసక్తి ఉన్నా మూడో పేజీకే ఓపిక అయిపోతుంది. అందుకే ఒక పేజీ చదివించి చూడండి. చదవడం నేర్పడంలో నిపుణుడైన ఎమ్మెట్ బెట్స్ 1946లో ఇచ్చిన లెక్క ఇప్పటికీ వాడుతున్నారు: నూటికి 99 మాటలు తప్పు లేకుండా చదివితే సొంతంగా చదువుకోగలరు, 95 అయితే టీచర్ సాయంతో, 90 కంటే తగ్గితే విసుగొస్తుంది. ఇవి రాతి మీద గీతలేం కావు, అంచనాకు పనికొస్తాయి.

[తెర మీద: డైనోసార్ల పేజీ, తడబడిన మాటల కింద ఎర్ర గీతలు]

మన పిల్లవాడు నూరు మాటల పేజీలో 8 చోట్ల తడబడ్డాడు. అంటే 92. లెక్క ప్రకారం కష్టమే. ఇప్పుడు ఆ గీతలు దగ్గరగా చూడండి. ఎనిమిదిలో ఐదు ఒకే మాట, "శిలాజం". ఆ ఒక్కటీ బోర్డు మీద రాసి, రాయిలో మిగిలిన ఎముక గుర్తు బొమ్మ చూపించి, రెండుసార్లు పలికించండి. మిగిలే తప్పులు మూడే. పుస్తకం మారలేదు, మీరిచ్చిన ఐదు నిమిషాల సాయంతో అది వాడికి అందింది. తప్పులు లెక్కపెట్టి ఆగిపోతే ఇది కనిపించదు.

తడబడిన ఎనిమిదీ వేర్వేరు మాటలైతే? అప్పుడు మీరు చదివి వినిపించండి, బొమ్మల కింది వాక్యాలు వాడితో చదివించండి, అదే విషయం మీద తేలిక పుస్తకం ఇంకొకటి చేతికివ్వండి. ఆ తేలిక పుస్తకం చిన్నపిల్లల బొమ్మల పుస్తకంలా మాత్రం ఉండకూడదు. పన్నెండేళ్ల పిల్లకి ఐదేళ్ల వాళ్ల కథ ఇస్తే, దాన్ని పుస్తకాల సంచిలోంచి బయటికి తీయదు.

ఇంకో మాట, ఇది గట్టిగానే చెబుతాను. దయచేసి లెవెల్ అట్ట మీద అంటించకండి. ఎవరు ఏ రంగో తరగతి మొత్తానికీ వారంలో తెలిసిపోతుంది, పిల్లలు పుస్తకాన్ని వదిలేసి రంగును చూసి ఎంచుకుంటారు. లెవెల్ మీ నోట్‌బుక్‌లో ఉంటే చాలు, ఎవరికి ఎంత సాయం కావాలో మీరు తెలుసుకోవడానికి.

ఈ వారం ఒక్క పని చేయండి. పిల్లలు విరామంలో వేటి గురించి మాట్లాడుకుంటున్నారో విని రాసుకోండి. "నీకేం ఇష్టం?" అని అడిగితే చాలామంది టీచర్‌కి నచ్చేదే చెబుతారు. ఆ జాబితాలోంచి ఒక విషయం తీసుకుని, తేలికవీ కష్టమైనవీ కలిపి నాలుగైదు పుస్తకాలు ఒకే బుట్టలో పెట్టండి. ఎవరు దేన్ని తీశారో, ఎన్నో పేజీ దగ్గర ఆగారో గమనించి, ఆ పేజీ నుంచి మీరు పక్కన కూర్చుని చదివించండి.