సాయంత్రం పూట చూడండి, డాక్టరు గారూ

అధ్యక్షులు గారికి, వేదిక మీది పెద్దలకు, లైబ్రేరియన్ గారికి, పిల్లలకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలు కదా, 1914లో బెజవాడలో జరిగిన గ్రంథాలయ మహాసభ గురించి, గ్రంథాలయ ఉద్యమాన్ని నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారి గురించి చెప్పమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ లోపలికి రాగానే ఆ కిటికీ పక్క కుర్చీ చూశాను. నా జబ్బు నాకు మొదట తెలిసింది ఆ కుర్చీలోనే. ముందు అది చెప్పనివ్వండి.

నేను టీచర్ని, స్కూలు వదలగానే ఇక్కడికొచ్చి పేపరు చదివేదాన్ని. ఒకరోజు ఒక్కో లైను రెండు లైన్లుగా కనిపించింది. ఒక కన్ను చేత్తో మూస్తే ఒకటే లైను. చెయ్యి తీస్తే మళ్ళీ రెండు. అద్దాలు రెండుసార్లు మార్పించుకున్నాను, తేడా లేదు.

తర్వాత నోరు. పొద్దున ఇడ్లీ హాయిగా తినేదాన్ని. రాత్రి చపాతీ సగం అయ్యేసరికి దవడ ఆడేది కాదు. గడ్డం కింద చెయ్యి ఆనించి నమిలేదాన్ని. రెండో పీరియడ్‌లో పద్యం పాడిన గొంతు ఏడో పీరియడ్‌కి ముక్కులోకి వెళ్ళిపోయేది.

నాలుగేళ్ళు తిరిగాం. థైరాయిడ్, షుగర్, బీ12, తలకి ఎమ్మారై. ప్రతిచోటా "అన్నీ నార్మలేనమ్మా, టెన్షన్ తగ్గించుకోండి." ఒకరు మెనోపాజ్ అన్నారు. ఒకరు నిద్రమాత్రలు రాశారు. మా అత్తగారు దిష్టి తీశారు. ఆవిణ్ణి నేనేమీ అనను. నాకు నిజంగా ఏదో ఉందని ఆ ఇంట్లో నమ్మింది ఆవిడొక్కరే. మిగతావాళ్ళు, నేను నడుం వాల్చినప్పుడల్లా, "ఏమీ లేదన్నారుగా" అనేవాళ్ళు. కొన్నాళ్ళకి నేనూ అనుకున్నాను, నేనే బద్ధకిస్తున్నానేమోనని. అలా అనుకున్నందుకు ఇప్పటికీ బాధేస్తుంది.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. చీకటితోనే బయల్దేరి, టోకెన్ తీసుకుని, పది గంటలకి డాక్టరు ముందు కూర్చునేదాన్ని. రాత్రంతా విశ్రాంతి తీసుకున్న కన్ను అప్పుడు చక్కగా తెరుచుకుని ఉండేది. నా జబ్బు సాయంత్రానిది. ఓపీ పొద్దుటిది. నాలుగేళ్ళూ ఆ రెండూ కలుసుకోలేదు.

పట్టుకున్నది తొమ్మిదో తరగతి అమ్మాయి. "టీచర్, ప్రేయర్‌లో మీ కళ్ళు రెండూ సమానంగా ఉంటాయి. లాస్ట్ పీరియడ్‌కి ఎడమ రెప్ప దిగిపోతుంది" అంది. ఆ రోజు నుంచి మా అబ్బాయి పొద్దున ఆరింటికో ఫోటో, సాయంత్రం ఆరింటికో ఫోటో తీశాడు, పది రోజులు.

ఆ ఫోటోలు చూసిన న్యూరాలజీ డాక్టరమ్మ నన్ను తల ఎత్తకుండా, కళ్ళు మాత్రం ఎత్తి పైకి చూస్తూ ఉండమంది. నిమిషం గడిచేసరికి రెప్ప దానంతటదే వాలింది. గ్లవ్‌లో ఐసుముక్కలు వేసి కంటి మీద రెండు నిమిషాలు ఉంచింది. తీసేసరికి రెప్ప లేచింది. మా ఆయన గోడవైపు తిరిగిపోయారు. రక్తపరీక్షలో యాంటీబాడీలు తేలాయి, అంటే క్రిములతో పోరాడటానికి ఒళ్ళు తయారుచేసుకునే పదార్థాలు. పేరు మయస్తీనియా గ్రేవిస్. అమితాబ్ బచ్చన్ గారికి 1980లలో వచ్చింది ఇదే. నరం పంపిన కబురు కండరానికి అందే చోట మన ఒంట్లోని యాంటీబాడీలే అడ్డం పడతాయి. వాడేకొద్దీ కండరం అలసిపోతుంది, విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది.

కొత్త జబ్బేమీ కాదు. 1672లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు వైద్యుడు ఒకావిడ గురించి రాశాడు, ఎక్కువసేపు మాట్లాడితే చేపలా మూగబోతుందని, గంటా రెండు గంటలు పోతేగానీ గొంతు రాదని. ఆయన దగ్గర స్కాన్ లేదు. ఆవిడ చెప్పింది విన్నాడు. 1934లో మేరీ వాకర్ అనే డాక్టరు, ఈ రోగులు కండరాల్ని కదలనివ్వని క్యురారే విషం ఎక్కినవాళ్ళలా ఉన్నారని గమనించి, దాని విరుగుడు ఇచ్చి చూసింది. నేను వేసుకునే మాత్ర ఆ కోవలోదే.

అమ్మా, ఆ చివర కూర్చున్న వాళ్ళు, మీ ఇంట్లో ఇలా రిపోర్టులన్నీ నార్మల్ వచ్చి మంచం దిగలేని మనిషి ఉన్నారా? అందరిదీ నా జబ్బే అవ్వాలని లేదు. కానీ ఏ టైముకి ఎలా ఉంటున్నారో రాయండి. బాగా లేనప్పుడే వీడియో తీయండి. మింగుడు పడకపోయినా, ఊపిరి అందకపోయినా మాత్రం రాస్తూ కూర్చోవద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. కొన్ని యాంటీబయాటిక్స్ ఈ జబ్బుని పెంచుతాయి, అందుకే జ్వరానికి వెళ్ళినా నేను ముందు జబ్బు పేరే చెబుతాను.

అయ్యంకి వారి గురించి రాసుకొచ్చిన కాగితాలు లైబ్రేరియన్ గారికి ఇస్తాను. పిల్లలెవరైనా చదవండి. నా మాట ముక్కులోంచి వస్తోంది, వెనక వరస వాళ్ళకి తెలుస్తూనే ఉండాలి. ఇదే, ఇప్పుడు వింటున్నారే, ఇదే ఆ డాక్టర్లకి వినిపించనిది. టైమ్ ఆరున్నర. కాసిన్ని మంచినీళ్ళు ఇప్పించండి, మాత్ర వేసుకోవాలి.