పొయ్యి కొత్తది, వైరు పాతది

శ్రోతలకు నమస్కారం.

పోయిన వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇండక్షన్ పొయ్యి కొని నెల కాలేదు, అప్పుడే కాలిన వాసన వస్తోంది. షాపులో తిరిగి ఇచ్చేయనా?" అంది. "ముందు మెయిన్ ఆపేయమ్మా, నేనొస్తున్నా" అన్నాను. నేను ముప్పై ఏళ్లుగా ఇళ్లకు వైరింగ్ చేస్తున్నవాణ్ణి. ఆ వాసన అనగానే నాకు టెన్షన్ మొదలవుతుంది.

వెళ్లి చూస్తే పొయ్యి బాగానే ఉంది. కాలింది సాకెట్. పొయ్యికి వచ్చిన పెద్ద పిన్నుల ప్లగ్గు పాత సాకెట్‌లో దూరక, బజార్లో కన్వర్టర్ కొని మధ్యలో పెట్టారు. దాని పిన్ను ఒకటి నల్లబడింది. సాకెట్ తెల్ల ప్లాస్టిక్ బెల్లం రంగుకు తిరిగి, ఒక పక్క కరిగి జారింది. బోర్డు విప్పితే వైరు బిగించే స్క్రూ వేలితో తిప్పినా తిరుగుతోంది.

ఆ సాకెట్ పెట్టింది మిక్సీ కోసం. మిక్సీ రెండు నిమిషాలు తిరిగి ఆగిపోతుంది. ఇండక్షన్ పొయ్యి అలా కాదు. 2000 వాట్ల పొయ్యి మన 230 వోల్టుల కరెంటు మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. పప్పు, అన్నం, కూర అయ్యేసరికి గంట పడుతుంది. ఆ సాకెట్ తట్టుకునేది 6 ఆంపియర్లే.

"మరి ఎమ్‌సీబీ ఎందుకు పడిపోలేదు?" అని మా బావగారు అడిగారు. అందరికీ తెలియాల్సిన సంగతి ఇదే. ఎమ్‌సీబీ అంటే కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్. దానికి తెలిసేది తనలోంచి ఎంత కరెంటు పోతోందన్నదే. వాళ్లింట్లో ఉన్నది 16 ఆంపియర్లది. 9 ఆంపియర్లు పోతుంటే దాని లెక్కలో అంతా సవ్యంగానే ఉన్నట్టు. వదులైన స్క్రూ దానికి కనపడదు. ఆ వదులు జాయింటు దగ్గర అర ఓమ్ నిరోధం ఉన్నా చాలు, 9 ఆంపియర్లకు అక్కడ పుట్టే వేడి సుమారు 40 వాట్లు. సీసం కరిగించే మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుంది. అంతకంటే ఎక్కువ వేడి గోడలో, అగ్గిపెట్టెంత చోటులో, గంటసేపు! పైగా కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. మిక్సీకి ఏళ్ల తరబడి పనిచేసిన జాయింటు పొయ్యికి నెల తిరక్కుండానే కాలిపోవడానికి కారణం అదే. పాత ఇళ్లలో అల్యూమినియం వైరుకు రాగి వైరు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులుంటే భయం ఇంకా ఎక్కువ.

పెద్ద ఎమ్‌సీబీ వేయించుకుంటే సరిపోతుందని కొందరు అనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఎమ్‌సీబీ ఉన్నది వైరును కాపాడటానికి. సన్న వైరు మీద పెద్ద ఎమ్‌సీబీ పెడితే, అది పడేలోపు వైరే కాలుతుంది.

మా చెల్లెలింట్లో మెయిన్ బోర్డు నుంచి వంటగదికి విడిగా ఒక లైను లాగాను. ఐఎస్ఐ గుర్తున్న 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా. చివర 16 ఆంపియర్ల సాకెట్, మొదట్లో దానికంటూ ఒక ఎమ్‌సీబీ. 2.5 వైరైనా సరిపోయేది, రేపు ఇంకో వస్తువు కొంటారని నా ముందుచూపు.

గట్టులో బిగించే నాలుగు పొయ్యిల ఇండక్షన్ హాబ్ సంగతి వేరు. అది 7000 వాట్లు దాటొచ్చు, అంటే 30 ఆంపియర్ల పైమాట. దానికి ప్లగ్గు పనికిరాదు. మామూలుగా 6 స్క్వేర్ ఎంఎం వైరు, 32 ఆంపియర్ల ఎమ్‌సీబీ, చేతికందే చోట విడి స్విచ్ వేస్తాం. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఏముందో ముందు చదవాలి. కరెంటు బిల్లు మీద మీ ఇంటికి మంజూరైన లోడు ఎంతుందో కూడా చూసుకోండి. చాలకపోతే కొనకముందే దరఖాస్తు పెట్టి పెంచుకోవాలి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే పని అప్పగించండి. స్క్రూడ్రైవర్ తిప్పడం వచ్చు కదా అని మీరు దిగొద్దు.

ఇంకొకటి, ఎర్త్. ప్లగ్గు దూరడం లేదని లావు పిన్ను విరగ్గొట్టినవాళ్లను చూశాను. తడి చేతులతో తిరిగే గది అది! పొయ్యి లోపల ఏదైనా తెగి బయటి ఇనుముకు తగిలితే, కరెంటు భూమిలోకి పోయే దారి ఆ పిన్నే. ఎమ్‌సీబీ మనిషికి షాక్ తగలకుండా ఆపలేదు. దానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే ఆ మాత్రం కరెంటు దారితప్పి లీకైనా వెంటనే పడిపోయే స్విచ్, ఉండాలి. ఉంటే, దాని మీదున్న టెస్ట్ బటన్ అప్పుడప్పుడూ నొక్కి చూడండి. టక్కున పడిపోతే పనిచేస్తున్నట్టు.

ఈరోజు వంటయ్యాక పొయ్యి ఆపి, బోర్డు దగ్గర స్విచ్ కూడా ఆపండి. చెయ్యి పొడిగా తుడుచుకుని ప్లగ్గు లాగి, దాని ప్లాస్టిక్ ఒంటి మీద వేళ్లు ఆనించండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చురుక్కుమంటే మాత్రం, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఆ సాకెట్‌లో మళ్లీ పెట్టకండి.

నమస్కారం.