విజన్ 2020ని రైతులు నిలదీసిన వారం: పాలసీలు మామూలు జనానికి అర్థం కావా?

[దృశ్యం: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మ్యాప్. మెదక్ జిల్లా మీదికి జూమ్.]

నమస్తే. 2001 జూన్ చివర్లో మెదక్ జిల్లాలో ఒక జ్యూరీ, అంటే సాక్షుల మాట విని తీర్పు చెప్పే మామూలు జనం బృందం, కూర్చుంది. 19 మంది. ఎక్కువగా చిన్న, సన్నకారు రైతులు. మూడింట రెండొంతులకు పైగా ఆడవాళ్లే. ఆ కార్యక్రమం పేరు ప్రజాతీర్పు. వాళ్లు తేల్చాల్సింది రాబోయే ఇరవై ఏళ్లలో రాష్ట్ర వ్యవసాయం ఎలా ఉండాలని.

అప్పటికే చంద్రబాబు నాయుడు ప్రభుత్వం విజన్ 2020 అనే రాష్ట్ర అభివృద్ధి ప్రణాళిక ప్రకటించింది. కన్సల్టెంట్లుగా మెకిన్సీ అనే విదేశీ సలహా కంపెనీ పనిచేసింది. భూమి మీద ఆధారపడి బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్నది అందులో ఒక లక్ష్యం. మరి ఆ తగ్గేవాళ్లు ఎవరు? జ్యూరీలో కూర్చున్నలాంటి వాళ్లే. వాళ్లను అడగకుండా ఆ లెక్క ఎలా వేస్తారు?

[దృశ్యం: పక్కపక్కనే మూడు టీవీ తెరలు.]

చదువు రానివాళ్లకూ అర్థమయ్యేలా మూడు వీడియోలు చూపించారు. ఒకటి విజన్ 2020 దారి, రెండోది ఎగుమతి కోసం సేంద్రియ సాగు, మూడోది ఊరి అవసరాలు ఊరే తీర్చుకునే పద్ధతి. తర్వాత ప్రభుత్వం తరఫువాళ్లు, కంపెనీలవాళ్లు, శాస్త్రవేత్తలు సాక్షులుగా వచ్చారు. రైతులు వాళ్లను రోజుల తరబడి ప్రశ్నించారు. మూడింట్లో ఒకటి ఎంచుకోమని ఎవరూ బలవంతపెట్టలేదు. తమకు కావాల్సింది తామే చెప్పారు: భూమి, విత్తనాలు, అడవి ఊరివాళ్ల చేతుల్లో ఉండాలి. కూలి పని పోగొట్టే యంత్రాలు, కాంట్రాక్టు సాగు, జన్యుమార్పిడి పంటలు వద్దు.

ఈ తీర్పుతో మీరు ఏకీభవించక్కర్లేదు. కానీ అది తెలియక చెప్పిన మాట కాదు.

దీని పక్కన బ్రెగ్జిట్‌ను పెట్టి చూడండి. 2016లో బ్రిటన్‌లో జనం ఓటుకు పెడితే 51.9 శాతం మంది యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొద్దామన్నారు. ఎలా రావాలి, వ్యాపార ఒప్పందాలు ఏం కావాలి అన్నది బ్యాలెట్ మీద లేదు. అది తేల్చుకోలేక పార్లమెంటు ఏళ్ల తరబడి కొట్టుకుంది. ఓటర్లను తప్పుపట్టడం తేలికే. నా దృష్టిలో తప్పు ప్రశ్నదే.

[దృశ్యం: మళ్లీ మెదక్.]

ప్రజాతీర్పు మీద విమర్శలూ వచ్చాయి. నిర్వాహకుల్లో కొందరు ముందు నుంచే జన్యుమార్పిడి పంటలకు వ్యతిరేకులని, 19 మంది రాష్ట్రం మొత్తానికి ఎలా ప్రతినిధులవుతారని అడిగారు. రాష్ట్రానికి అప్పట్లో నిధులిచ్చిన బ్రిటన్ ప్రభుత్వ శాఖ కూడా అభ్యంతరం చెప్పింది. న్యాయమైన ప్రశ్నలే. ఐర్లండ్‌లో దీనికి ఒక దారి చూపించారు. గర్భస్రావ చట్టంపై 99 మంది పౌరులను దేశమంతటి నుంచి ర్యాండమ్‌గా ఎంపిక చేసి, నిపుణుల మాట వినిపించి, వాళ్ల సిఫార్సును పార్లమెంటుకు పంపారు. ఆ తర్వాతే, 2018లో, జనం ఓటుకు పెట్టారు. గర్భస్రావంపై ఉన్న నిషేధం తీసేయడానికి 66 శాతం మంది అవునన్నారు.

మన దగ్గర ప్రాజెక్టు కోసం భూములు తీసుకునేటప్పుడు, పంటల విధానం మార్చేటప్పుడు ఇలాంటి జ్యూరీ వేయాలి. వాళ్లు చెప్పినదల్లా ప్రభుత్వం చేయాలని నేననను. కాదనేటప్పుడు మాత్రం ఎందుకు కాదో అసెంబ్లీలో, గడువులోగా, రాతపూర్వకంగా చెప్పి తీరాలి.